ఊరందరికీ ఒకటే తాళంచెవి

మిరప కోతలప్పుడు మా ఊళ్ళో ఇళ్ళన్నిటికీ తాళాలు పడేవి. తాళంచెవి మాత్రం గుమ్మం పైనే ఉండేది. అలాంటప్పుడు అసలు తాళం వేయడం దేనికని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పాలు పోసే ఆవిడ వస్తే లోపల గిన్నెలో పోసి వెళ్ళాలి. దూడ కట్టు తెంచుకుంటే పక్కింటివాళ్ళు పలుపు కోసం లోపలికి వెళ్ళాలి. చెప్పకుండా చుట్టాలు దిగితే మంచినీళ్ళు తాగి, మంచం వాల్చుకుని పడుకోవాలి. తాళం వేసేది కుక్కల కోసం, కోతుల కోసం. ఏ ఇంటి తాళంచెవి ఏ మూల ఉంటుందో వీధివాళ్ళంతా ఎరుగుదురు. ఎవరైనా చోటు మార్చి చెప్పకపోతే, "ఏం, మేం అంత పరాయోళ్ళమై పోయామా?" అని నిలదీసేవాళ్ళు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్నెట్టు వచ్చినప్పుడు దాన్ని కూడా మేం ఇలాగే గుమ్మం పైన పెట్టాం.

నిజానికది మా ఊరికి రాలేదు, సత్తెనపల్లికి వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ పురుగుమందుల కొట్టు మేడ మీద ఒకాయన నెట్ సెంటర్ తెరిచాడు. ప్లైవుడ్ చెక్కలతో చేసిన అరలు, అరకో కంప్యూటరు, అరకో పూల కర్టెను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. కింద కొట్లోంచి మందు వాసన మెట్లెక్కి మాతో పాటే వచ్చేది. ఆయన్ని మేమందరం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. మెయిల్ ఐడీ కావాలంటే ఆయనే చేసిచ్చేవాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావమ్మా?" అంటే తెల్లమొహం వేసేవాళ్ళం. "మీ ఊరి పేరే పెడతన్నాలే. ఏది మరిచినా అది మరవరు గదా!" అని ఆయనే నవ్వుతూ టైపు కొట్టేసేవాడు. అలా మా ఊళ్ళో చదువుకున్న ప్రతి ఒక్కరి పాస్‌వర్డూ మా ఊరి పేరే అయి కూర్చుంది.

మాకది మహా సుఖంగా ఉండేది. పొద్దున ఎవరైనా బస్సెక్కుతున్నారంటే అరుగుల మీద నుంచి కేకలు మొదలయ్యేవి. "ఏమే, సత్తెనపల్లి పోతన్నావా? మా నాయనకి దగ్గు మందు పట్రా. అట్టాగే నా మెయిలేమన్నా వచ్చిందేమో చూసిరా." ఉత్తరం వచ్చి ఉంటే ప్రింటు తీయించుకుని, కూరగాయల సంచిలో వేసుకుని తెచ్చేవాళ్ళు. తెచ్చేవాళ్ళు దారిలో చదవకుండా ఉంటారా? బస్సులో ఇంకేం పని? పోస్టుకార్డు ఎవరైనా చదివేదే కదా, ఇదీ అంతేననుకున్నాం. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడం మర్యాద కాదని మాకు అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకే పొగరు అనేవాళ్ళం. ఆ మాట ముందుగా అనేది నేనే అయ్యుండేదాన్ని. నా నోరు అలాంటిది.

మా ఇంటికి ఒక గోడ అవతల అక్క ఉండేది. సొంత అక్క కాదు, కానీ వాళ్ళమ్మని నేను పెద్దమ్మా అనే పిలిచాను, వాళ్ళింటి అన్నమే ఎక్కువ తిన్నాను. అక్క బీఈడీ చేసి పక్క ఊళ్ళో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. నన్ను చిట్టీ అనేది. గోడ మీద నుంచి తల పెట్టి "తిన్నావా చిట్టీ?" అనడం ఆమెకి పలకరింపు, మందలింపు, బుజ్జగింపు, అన్నీ అదే. నేను అలిగి మాట్లాడకపోతే కూడా అదే అడిగేది. తిన్నానని నేను చెప్పేదాకా గోడ దగ్గర నుంచి కదిలేది కాదు.

ఆ ఏడు అక్కకి హైదరాబాదు సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నారు. పంట అమ్ముడుపోయాక పెళ్ళి అనుకున్నారు. పెళ్ళికొడుకు మెయిల్ రాసేవాడు. అక్కకి బడీ, సెలవు రోజున కల్లమూ సరిపోయేవి. అందుకని ఎవరు సత్తెనపల్లి వెళితే వాళ్ళ చేతే తెప్పించుకునేది. నేనూ తెచ్చాను, నాతో పాటు వీధిలో సగం మంది తెచ్చారు. ఆయన రాసిన మాటలతో అక్కని పట్టుకుని ఏడిపించేవాళ్ళం. "నీ చేతి మిరపకాయ పచ్చడి తినాలనుందంట గదే, డబ్బాలో పెట్టి పంపు" అని పొలంలో కూలికొచ్చిన ఆవిడ కూడా అంటే, అక్క ఎండకి కప్పుకున్న ముసుగు మొహం మీదికి లాక్కుని నవ్వేది. ఆ నవ్వు నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం పెళ్ళికొడుకు మేనమామ కారు దిగాడు. కాళ్ళు కడుక్కోమని చెంబు ఇస్తే అక్కర్లేదన్నాడు. నిలబడే చెప్పాడు. అమ్మాయికి ఈ పెళ్ళి ఇష్టం లేదట, మనసులో వేరే మనిషి ఉన్నాడట, ఇంట్లోవాళ్ళు బలవంతంగా ఒప్పించారట, దయచేసి తప్పుకోమని అబ్బాయిని బతిమాలుకుందట.

"ఎవరండీ చెప్పింది మీకు?" అన్నాడు పెదనాన్న.

"మీ అమ్మాయే రాసింది. ఆ మెయిల్ నుంచే, ఆ పేరుతోనే వచ్చింది. మా వాడు చూపిస్తే చదివాకే వచ్చాను."

"నేను రాయలేదు నాన్నా" అంది అక్క. గొంతు పెద్దగా లేదు.

"మరి నీ తాళం తీసి ఇంకెవరు రాస్తారమ్మా?" అన్నాడాయన. ఆ మాటలో వెటకారం లేదు. ఆయన ఊళ్ళో పాస్‌వర్డ్ అంటే ఒక్క మనిషి దగ్గరే ఉండేది కాబోలు. అది ఊరందరిదీ అని అక్క చెబితే ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? కట్టుకథలా ఉంది మరి.

ఆయన వెళ్ళిపోయాక పెదనాన్న అడిగాడు. "ఎవరెవరికి తెలుసే అది?" అక్క చెప్పడం మొదలుపెట్టింది. చివరింటి వదిన, వాళ్ళ మరిది, పాలకేంద్రం అబ్బాయి, బడిలో తనతో పనిచేసే టీచరు. చెబుతూ చెబుతూ వాకిట్లో గుమిగూడిన మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. చెప్పేకొద్దీ వీధి పొడుగునా ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఆ చూపు నా దగ్గరికి వచ్చి ఆగింది. నా పేరు చెప్పలేదు. ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళ పేర్లు చెప్పినట్టు నా పేరూ చెప్పేసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. పేరు చెప్పకుండా ఎందుకు ఆగిందన్నదే ముల్లులా నాలో దిగింది.

నేను రాయలేదు. ఒట్టు పెట్టుకుని చెబుతాను. కానీ ఒట్టు పెట్టడానికి ముందు ఆమె అడగాలి కదా. అడగలేదు. మర్నాడు గోడ మీద నుంచి "తిన్నావా?" అని కూడా అనలేదు. నాకూ మండింది. ఇన్నాళ్ళు వాళ్ళింటి అన్నం తిన్నదాన్ని, నన్నా అనుమానించేది అని నేనూ బిగుసుకుపోయాను. ఆ సంబంధం పోయింది. మెయిల్ మొహం మళ్ళీ చూడనని అక్క తేల్చి చెప్పింది. ఆ ఏడు చివర్లో నేను ఎంసీఏ చదవడానికి గుంటూరు హాస్టల్లో చేరాను.

కాలేజీ ల్యాబులో మధ్యాహ్నాలు కాసేపు మమ్మల్ని నెట్ వాడుకోనిచ్చేవాళ్ళు. చాటింగ్ తెరిస్తే తెలిసినవాళ్ళ పేర్లు వరసగా ఉండేవి. ఎవరైనా లోపలికి వస్తే వాళ్ళ పేరు పక్కన చిన్న పసుపు బొమ్మ వెలిగేది. ఒకరోజు అక్క పేరు వెలిగింది.  నేను వేలు కదిపేలోపే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది.

"తిన్నావా చిట్టీ?"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తిన్నానక్కా" అని కొట్టాను. హాస్టల్ సాంబారును తిట్టుకున్నాను. ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తున్నానని చెప్పుకున్నాను. పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయంటే "అట్టాగే ఉన్నాయి" అని వచ్చింది. మాటలు అక్కవే, చనువూ అక్కదే. ఉండబట్టలేక అడిగేశాను. "అప్పుడు ఆ మెయిల్ రాసిందెవరో తెలిసిందా అక్కా?"

 జవాబు వచ్చింది. "తెలుసు."

"ఎవరు?"

"నీకు తెలీదా చిట్టీ?"

పసుపు బొమ్మ ఆరిపోయింది.  మెట్లు దిగి, క్యాంటీను దగ్గరున్న కాయిన్ ఫోన్ నుంచి వాళ్ళింటికి చేశాను. అక్కే ఎత్తింది.

"అక్కా, ఇందాక అట్టా అన్నావేంటి?"

"ఎప్పుడు? ఎవరితో?"

"నాతోనే. చాటింగులో."

"ఏం మాట్లాడతన్నావే? నేను ఆ నెట్ సెంటర్ మెట్లెక్కి ఎన్నాళ్ళయింది! శనివారం ఒంటిపూట బడి నుంచి ఇప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటన్నా."

 అయితే ఇంతసేపు నా ఏడుపంతా ఎవరికి చెప్పుకున్నాను? జరిగింది గబగబా చెప్పాను. చివరికి నోరు తెరిచి అడిగాను. "నీ మనసులో కూడా నేనేనని ఉందా అక్కా?" అవతల దూరంగా పెద్దమ్మ ఎవరినో పిలవడం వినిపించింది. రూపాయికి ఇచ్చే టైము అయిపోయి ఫోన్ కట్టయింది. చేతిలో ఇంకో బిళ్ళ ఉంది. వేయలేకపోయాను.

అప్పటి నుంచి ఆ ల్యాబంటే నాకు భయం పట్టుకుంది. కూర్చోగానే కళ్ళు ఆ పేరు మీదికే పోయేవి. కొన్నిసార్లు ఆరి ఉండేది. కొన్నిసార్లు వెలుగుతూ ఉండేది. మాటా పలుకూ ఉండదు, ఊరికే అలా వెలుగుతుంటుంది. తలుపు సందులోంచి ఎవరో చూస్తూ నిలబడినట్టు ఉండేది. దాంతో మిగతా పేర్ల మీద కూడా నమ్మకం పోయింది. ఈ పేరు వెనక ఈ మనిషే ఉందా అని ప్రతి పలకరింపుకీ ఆగిపోయేదాన్ని.

తాళంచెవి నాకూ తెలుసు కదా, నేనే లోపలికి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చేస్తే పీడ విరగడైపోతుందని ఒకరోజు కూర్చున్నాను. అక్క ఐడీ కొట్టాను. మా ఊరి పేరులో ఒక్కో అక్షరం నొక్కాను. అక్షరాల బదులు నల్ల చుక్కలు పడ్డాయి. నొక్కాల్సింది ఒక్కటే మీట. అప్పుడు తట్టింది, ఆమెని అడక్కుండా లోపలికి వెళితే నేనూ ఆ మనిషి చేసిన పనే చేసినట్టు. పైగా పాస్‌వర్డ్ మారితే, మార్చింది నేనని తెలిస్తే, అక్క అనుమానానికి ముద్ర పడిపోతుంది. చుక్కలన్నీ చెరిపేశాను. 

కోతల రోజుల్లో ఊరికి వెళ్ళాను. అక్క కల్లంలో తాలు కాయలు ఏరుతోంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన వాటిని వేరే పోగు పెడుతోంది. నేనూ ఎదురుగా కూర్చుని ఏరుతూ మొత్తం మళ్ళీ చెప్పాను. వింటూ ఉంది కానీ తలెత్తలేదు.

"పోలీసులకి చెబుదామా?" అన్నాను.

"చెప్పి? ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ మళ్ళీ ఇంకోసారి చదవనా?"

"పోనీ దాన్ని మూసేద్దాం."

"నువ్వే మార్చెయ్యకపోయావా మరి? నీకు తెలుసుగా."

"నీది కదక్కా. నేనెట్టా మారుస్తాను?"

అప్పుడు తలెత్తి చూసింది. ఏమనుకుందో తెలియలేదు. "రేపు పోదాంలే" అంది.

మర్నాడు సత్తెనపల్లిలో నెట్ సెంటర్ మెట్లెక్కుతుంటే మందు వాసనకి ఆమె ఒక్క క్షణం ఆగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఒక అరలో ఇద్దరం కూర్చున్నాం. పాస్‌వర్డ్ మార్చేముందు ఒక్కసారి చూస్తానని, పంపిన మెయిళ్ళు తెరిచింది. నేను తిట్లూ బూతులూ ఉంటాయనుకున్నాను. అవైనా బాగుండేది. బడి పెద్దాయనకి ఉగాది శుభాకాంక్షలు. ఎక్కడో ఉన్న పాత స్నేహితురాలికి "నీ బాబు ఎలా ఉన్నాడు, ఫొటో పంపు." ఆ పెళ్ళికొడుక్కి, అతనికి వేరే పెళ్ళయ్యాక, "మీరు చల్లగా ఉండాలి." అన్నీ అక్క పేరుతోనే, అక్క మాటలతోనే. అవతలివాళ్ళు జవాబులు కూడా రాశారు. ఆమె ఇక్కడ కల్లంలో కాయలు ఏరుకుంటుంటే, ఆమె పేరు మాత్రం తన పాటికి తాను బతుకుతూ ఉంది.

"నేనే రాశానేమో అనిపిస్తోంది చిట్టీ" అంది అక్క. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

కొత్త పాస్‌వర్డ్ కొట్టే చోటు వచ్చింది. నేను లేచి కర్టెను వైపు తిరిగి నిలబడ్డాను. అటుగా వచ్చిన బాబాయ్ నన్ను చూసి నవ్వాడు. "ఏంటమ్మా, అలిగి మొహం తిప్పుకున్నావు?"

"అక్క పాస్‌వర్డ్ కొడతంది బాబాయ్."

"కొడితే? నువ్వు చూస్తే అరిగిపోద్దా?"

ఆయన్నీ అనడానికి లేదు. ఆ మేడ మీద అలా మొహం తిప్పుకున్న మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు. వెనక అక్క ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతోంది. ఆ చప్పుడు వింటుంటే నా ఒంట్లోంచి ఏదో బరువు దిగుతున్నట్టు అనిపించింది. అయ్యాక, తాళం వేసి లాగి చూసుకున్నట్టు, బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళి చూసుకుంది. "మూసుకుందా? నిజంగా మూసుకుందా?" అని నన్ను అడిగింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఒకటి అడగనా నిన్ను?" అంది.

"అడుగక్కా" అన్నాను. ఇన్నాళ్ళకి అడుగుతోంది, ఒట్టు పెట్టేద్దామని చెయ్యి కూడా లేపాను.

"ఏం లేదులే" అంది.

ఆ తర్వాత ల్యాబులో ఆ పేరు వెలగలేదు. వర్షాలు మొదలయ్యాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి. నేను కాస్త తేలికపడ్డాను. అప్పుడు ఒక మధ్యాహ్నం, ల్యాబు నిండా జనం ఉండగా, పసుపు బొమ్మ వెలిగింది.

"తిన్నావా చిట్టీ?"

 అక్కా? వాడా? వాడో, అదో, ఏదైతే అది. పాస్‌వర్డ్ అక్క ఒక్కదానికే తెలుసు. కానీ మళ్ళీ ఎవరికైనా చెప్పిందేమో, మెయిల్ చూసి రమ్మందేమో. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు అంత తేలిగ్గా పోతుందా? నువ్వెవరని అడుగుదామనుకున్నాను. అది నిజంగా అక్కే అయితే ఆ మాటకి ఎంత నొచ్చుకుంటుంది? ముందు ఫోన్ చేసి తేల్చుకోవాలి, అదే మంచిదనుకుని ఒక్క అక్షరమైనా కొట్టకుండా లేచి మెట్లు దిగాను. ఫోన్ దగ్గర ఎవరో మాట్లాడుతున్నారు. వాళ్ళు ముగించేదాకా నిలబడ్డాను.

పెద్దమ్మ ఎత్తింది. "అది లేదమ్మా. సత్తెనపల్లి పోయింది, నీ కోసమే. మొహం చూసి చెప్పలేనమ్మా, అందులో అయితే రాయగలను అంది. 'దాన్ని ఉత్తపుణ్యానికి అనుమానించాను' అని ఒకటే ఏడుపు. మాట్లాడిందా నీతో?"

ఫోన్ వదిలేసి పరిగెత్తాను. మెట్ల మీద ఎవరినో గుద్దుకున్నాను కూడా. కంప్యూటరు నేను వదిలి వెళ్ళినట్టే ఉంది. ఆ మాట కింద ఇంకో రెండు మాటలు వచ్చి ఉన్నాయి.

"ఉన్నావా?"

"సర్లే."

బొమ్మ ఆరిపోయి ఉంది. కుర్చీలో కూలబడి "తిన్నానక్కా" అని కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఆమె మళ్ళీ లోపలికి వస్తే కనిపిస్తుంది. ఆమె మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. విని, "సర్లే" అంది. తర్వాత వినుకొండ సంబంధం వచ్చి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నేను వెళితే ఎదురొస్తుంది, చేతిలో సంచి అందుకుంటుంది. కూర్చోగానే కంచం పెడుతుంది, వద్దన్నా ఇంకో ముద్ద వేస్తుంది. తిన్నావా అని మాత్రం ఇప్పటికీ అడగదు.